అబ్బా జీపు, ఐదు హిస్సాలు



విరాసత్ అనగానే మన ఇళ్లల్లో పొలం, ఇల్లు, బంగారం గురించి మాట్లాడుకుంటాం. మెషిన్ల ఊసు ఎవరూ ఎత్తరు. పంపు మోటరు, కుట్టు మిషన్, పాత ట్రాక్టరు, పాత జీపు... ఇవన్నీ ఎవరి చేతికి దగ్గరగా ఉంటే వాళ్లవైపోతాయి. లేదంటే కబాడీవాడి తరాజు ఎక్కుతాయి. మా అబ్బా జీపు కూడా ఈ రెండు దారుల్లో ఏదో ఒకదాన పోవాల్సిందే, కానీ పోలేదు. దాన్ని విప్పి మళ్లీ బిగించిన సంగతి రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పాత జీపు ఉన్నవాళ్లకు పానాల సంగతి పనికొస్తుంది. జీపు లేనివాళ్లకు హిస్సాల సంగతి పనికొస్తుంది, ఇన్షా అల్లాహ్.

మాది చందూర్, వర్ని పక్కన. నిజాంసాగర్ డ్యామ్ 1931లో పూర్తయింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కాలువ నీళ్లు, ఫ్యాక్టరీ గానుగ కలిసి మా వైపంతా చెరుకు చేశాయి. ఇక్కడి నల్లరేగడి ఒక్క వాన పడితే చాలు, అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోయి కాలు ఒక్కటే పైకొస్తుంది. వెనక చక్రాలు మాత్రమే లాగే బండి ఆ నేలలో తన గుంట తానే తవ్వుకుని కూర్చుంటుంది. ముందు చక్రాలు కూడా లాగే జీపు ఆ రోజుల్లో షౌక్ కోసం కొనేది కాదు, జరూరత్.

అబ్బా 1999లో సెకండ్ హ్యాండ్‌లో మహీంద్రా ఎం.ఎం. 540 కొన్నారు. 1991 మోడల్, డీజిల్, ఫోర్ వీల్. విత్తనపు చెరుకు, యూరియా బస్తాలు, కాలిపోయిన మోటర్లు, కాన్పుకు పోయే ఆడవాళ్లు, బడా పహాడ్ దర్గాకు ఫాతెహా ఇవ్వడానికి వచ్చిన చుట్టాలు, అందరూ అందులో ఎక్కినవాళ్లే. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. అబ్బా చెరుకు మానేసి వరి పెట్టారు. జీపుకు పని తగ్గి వేపచెట్టు కింద నిలబడింది. 2023లో అబ్బా ఇంతెఖాల్ అయ్యారు. అల్లాహ్ ఆయనకు మగ్‌ఫిరత్ నసీబ్ చేయుగాక. అమ్మీ అంతకుముందే వెళ్లిపోయారు.

చాలీస్వా అయ్యాక లెక్కలకు కూర్చున్నాం. మేం ఇద్దరం అన్నదమ్ములం, ఒక ఆపా. షరియత్ ప్రకారం కొడుక్కి రెండు, కూతురికి ఒకటి. మొత్తం ఐదు హిస్సాలు. పొలం లెక్క, ఇంటి లెక్క తొందరగానే తేలాయి. జీపు దగ్గర ఆగాం.

భాయ్‌జాన్ దమ్మామ్ నుంచి ఫోన్‌లో అన్నాడు: "అరే, ఆ డబ్బాను కబాడీకి ఇచ్చెయ్. ఎంతొస్తే అంత పంచుకుందాం." కబాడీవాడు వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ కూడా ఎత్తకుండా 45,000 అన్నాడు. ఆపా ఏమో, "నాకేం వద్దు తమ్మీ, అబ్బా యాద్‌గార్, నువ్వే ఉంచుకో" అంది.

మన ఇళ్లల్లో ఆడపిల్లలు ఈ మాట ఎంత తొందరగా అంటారో మీకు తెలుసు. పొలం దగ్గరా ఇదే మాట, ఇల్లు దగ్గరా ఇదే మాట. "వద్దు" అంటే మంచి చెల్లెలు, "కావాలి" అంటే లాలచీ. మా మసీదు హాఫిజ్ సాబ్‌ను అడిగితే ఆయన నేరుగా చెప్పారు: తన హిస్సా ఎంతో తెలియకుండా చేసిన మాఫీ మాఫీ కాదు. ముందు ధర తేల్చండి, ఆమె హిస్సా ఆమె చేతిలో పెట్టండి, ఆ తర్వాత ఇవ్వాలనుకుంటే ఆమె ఇష్టం.

అయితే ధర తేల్చేదెట్లా? కబాడీవాడు చెప్పింది ఇనుము బరువు. ఆ లెక్కకు ఒప్పుకుని, ఆపా చేతిలో 9,000 పెట్టి, జీపు నేనుంచుకుని, రేపు బాగుచేసి రెండు లక్షలకు అమ్మితే? కాగితం మీద అంతా సహీ. అల్లాహ్ దగ్గర ఆ లెక్క నిలబడదు. అందుకే బండి ఎట్లా ఉందో అట్లా, దాని లోపల ఏముందో ముగ్గురికీ తెలిసేటట్లు విప్పి చూడాలని అనుకున్నాం.

తోడుకు ఆపా కొడుకు, నా భాంజా వచ్చాడు. మెకానికల్ డిప్లొమా చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాడు. లోపలి భాగాల బొమ్మలు వేయగలడు గానీ పానా పట్టింది తక్కువ. నేను అబ్బా పక్కన ఇరవై ఏళ్లు పానా పట్టాను గానీ బొమ్మ వేయలేను. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మిస్త్రీ అవుతాం అనుకున్నాం.

మొదటి రోజు వాడు ప్లేటు మీద మహీంద్రా పేరు తుడుస్తుంటే ఒక సంగతి చెప్పాను. ఈ కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములు, వాళ్లతో మాలిక్ గులామ్ మొహమ్మద్. ఉక్కు వ్యాపారం. ఈ గులామ్ మొహమ్మద్ మన నిజాం సర్కార్‌లో ఖజానా వ్యవహారాలు చూసినవాడే. తక్సీమ్ అయ్యాక పాకిస్తాన్ వెళ్లి అక్కడి మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. అమెరికా విల్లీస్ జీపును ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. మా ఎం.ఎం. 540 ఆ ఖాందాన్‌దే. ఇంజన్ మాత్రం ఫ్రాన్స్ ప్యూజో కంపెనీ డిజైన్, 2,112 సి.సి. "అంటే ఇది కూడా బట్వారా అయిన ఇంటి నుంచే వచ్చింది మామూ" అన్నాడు వాడు.

కడగడంతో మొదలుపెట్టాం. పాత బండిని ముందు కడగాలి, తర్వాతే చూడాలి. అడుగున పదేళ్ల రేగడి, గ్రీజు కలిసి రాయిలా గట్టిపడి ఉంటాయి. ఆ పొర పోతే గానీ నూనె ఎక్కడ కారుతోందో తెలియదు. కడిగి, ఆరబెట్టి, కింద పాత అట్టలు పరిచి ఒక రాత్రి ఉంచాం. ఫజర్ తర్వాత చూస్తే ఏ చుక్క ఎక్కడ పడిందో అట్ట మీద నక్షాలా ఉంది. ఇంజన్ ఆయిల్ నల్లగా, గేర్ ఆయిల్ ఘాటు వాసనతో, బ్రేక్ ఆయిల్ పలచగా ఉంటాయి. వేలితో తాకి, వాసన చూసి చెప్పొచ్చు.

నిలబడిన బండి అరిగిపోదని చాలామంది అనుకుంటారు. నడిచే బండి కంటే నిలబడిందే తొందరగా పాడవుతుంది. ఆయిల్ సీళ్లు ఎండి పగులుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, ఆ నీటితో వీల్ సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. వైర్లను ఎలుకలు కొరుకుతాయి. డీజిల్ ట్యాంకు అడుగున మడ్డి చేరుతుంది. మా జీపుకు ఇవన్నీ జరిగాయి. వాడు నోట్‌బుక్‌లో ఒక్కొక్కటీ రాసుకున్నాడు.

తర్వాత ముందు చక్రాలు. జాకీ మీద ఎత్తి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడలాడింది. లూజు రెండు చోట్ల ఉండొచ్చు: వీల్ బేరింగ్‌లో, లేదా చక్రం తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్‌లో. ఏదో తెలుసుకోవడానికి ఒక కిటుకు ఉంది. ఒకరు టైరు ఊపుతుంటే ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. బ్రేకు తొక్కగానే లూజు పోయిందంటే బేరింగ్. తొక్కినా ఊగుతోందంటే కింగ్ పిన్. మాది ఎడమవైపు బేరింగ్, కుడివైపు కింగ్ పిన్. పాత జీపు నలభై, యాభై వేగంలో స్టీరింగ్ గడగడ వణికితే టైర్లు మార్చే ముందు ఇది చూసుకోండి.

ఇంక ఫోర్ వీల్. గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో డబ్బా ఉంటుంది. ఇంజన్ బలాన్ని వెనక ఇరుసుకు, కావాలన్నప్పుడు ముందు ఇరుసుకు పంచేది అదే. లో గేర్ వేస్తే చక్రం దాదాపు రెండున్నర రెట్లు నెమ్మదిగా తిరుగుతుంది, లాగే బలం అంతకంత పెరుగుతుంది. అయితే ఈ జీపుల్లో ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ ఒక్క వేగంతో కట్టేసినట్టే. మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు. బురదలో చక్రం కొంచెం జారి ఆ తేడా సరిపెట్టుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు. ఆ ఒత్తిడంతా గేర్ల మీద, క్రాసుల మీద పడి చివరికి ఏదో ఒకటి విరుగుతుంది. అందుకే పొలం గట్టు దిగేముందు వేయాలి, రోడ్డు ఎక్కగానే తీసేయాలి.

ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ చూస్తే నిండి పొంగుతోంది. పక్కనే గేర్‌బాక్స్‌లో సగం కూడా లేదు. బయటికి ఎక్కడా కారలేదు. రెండింటి నడుమ షాఫ్ట్ మీద ఉండే సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ చల్లగా పక్క డబ్బాలోకి పోతుంది. ఒక్కటే చూసినవాడు "ఆయిల్ ఫుల్ ఉంది" అనుకుంటాడు, రెండో డబ్బా లోలోపల ఎండి అరిగిపోతుంది. భాంజా నవ్వి, "ఒకరి హిస్సా ఇంకొకరి దగ్గర చేరింది మామూ" అన్నాడు. నాకు ఆపా గుర్తొచ్చింది.

ముందు ఇరుసు ఆయిల్ చాయ్ రంగులో ఉంది. అంటే నీళ్లు కలిశాయి. ఇరుసు మీద గాలి పోవడానికి చిన్న బొంగు ఉంటుంది. అది బురదతో పూడిపోతే, వేడెక్కిన ఇరుసు కాలువలో దిగినప్పుడు లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, సీళ్ల సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. ఒక సన్నటి తీగతో శుభ్రం చేసుకుంటే ఇరుసే బతుకుతుంది.

ఇంజన్ మాత్రం మాషా అల్లాహ్ గట్టిగానే ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి, హీటర్ వేసి తిప్పినా అందుకోలేదు. డీజిల్ లైన్‌లో గాలి చేరింది. డీజిల్ ఇంజన్‌కు ఇది మామూలే. ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని ధార. అప్పుడు స్క్రూ బిగించాలి. ఆ తర్వాత ఇంజెక్టర్ పైపుల నట్లు కొంచెం వదిలి సెల్ఫ్ కొడితే మిగిలిన గాలి పోతుంది. నాలుగో పైపు బిగించగానే ఇంజన్ అందుకుంది. వీధిలో పిల్లలంతా వచ్చారు. అబ్బా ఉన్నప్పుడు వినే చప్పుడు అది. కాసేపు నేనేం మాట్లాడలేకపోయాను.

ఆ నోట్‌బుక్ పట్టుకుని పాత జీపులు కొని వాడుకునే ఇద్దరిని పిలిచాం. ఇంజన్ వినిపించాం, లోపాలన్నీ దాచకుండా చదివి వినిపించాం. ఒకతను 1,40,000 అన్నాడు, ఇంకొకతను 1,60,000 అన్నాడు. నడుమ 1,50,000 ఖరారు చేసుకున్నాం. ఒక హిస్సా 30,000. భాయ్‌జాన్‌కు 60,000 పంపాను. ఆపా చేతిలో 30,000 పెట్టాను. "వద్దన్న కదా" అంది. "ఇప్పుడు ఎంతో తెలిసింది కదా ఆపా, ఇప్పుడు చెప్పు" అన్నాను. కాసేపు నోట్ల వైపు చూసి, దుపట్టా కొంగులో ముడేసుకుంది. ఆ తర్వాత పెట్టిన ఖర్చూ, పెరిగిన ధరా నావి.

రిపేర్లకు ఆరు నెలలు పట్టింది, ఆదివారాలూ జుమా సాయంత్రాలూ. సామాన్లు కొన్ని నిజామాబాద్‌లో దొరికాయి, కొన్నిటికి హైదరాబాద్ రాణీగంజ్ పోయాం. చేతితో చేసుకునేవాళ్లకు మేం నేర్చుకున్న నాలుగు మాటలు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేముందు రెండు ముక్కల మీదా చాక్‌పీసుతో గీత పెట్టుకోవాలి. గీత కలవకుండా బిగిస్తే కొత్త క్రాసులు వేసినా బండి వణుకుతూనే ఉంటుంది.

వీల్ బేరింగ్ నట్టు బలం చూపించే చోటు కాదు. చక్రం తిప్పుతూ బిగుసుకునేదాకా బిగించి, మళ్లీ ఆరో వంతు చుట్టు వదలాలి. తర్వాత లాక్ వాషర్ మడవాలి. పది కిలోమీటర్లు నడిపి చేయి పెట్టి చూస్తే హబ్ గోరువెచ్చగా ఉండాలి, కాలకూడదు.

బ్రేకు గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నింటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన జీపుల్లో అది వెనక ఎడమది. తీసిన ఆయిల్ మళ్లీ పోయొద్దు.

ఇంజన్ వేడెక్కుతోందని ఎప్పుడో ఒక మిస్త్రీ మా బండిలో థర్మోస్టాట్ పీకి పారేశాడు. ఇది చాలా చోట్ల చేసే పని. అట్లా చేస్తే ఇంజన్ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అసలు రోగం రేడియేటర్‌లో పేరుకున్న పాచి. అది కడిగించి కొత్త థర్మోస్టాట్ వేశాం.

ఇంట్లో చేయకూడనివీ ఉన్నాయి. డీజిల్ పంపు, ఇంజెక్టర్ల ప్రెషర్ మెషిన్ మీదే సరిచూడాలి, సొంతంగా కదపొద్దు. చాసిస్ పగులుకు ఇంటి వెల్డింగ్ వద్దు. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టి బండి కింద దూరొద్దు, స్టాండు గానీ గట్టి దుంగ గానీ పెట్టాలి. తవక్కుల్ అంటే ఒంటెను కట్టేసిన తర్వాత అల్లాహ్ మీద నమ్మకం పెట్టడం అని మనకు చిన్నప్పుడే నేర్పారు కదా.

ఈ ఆరు నెలల్లో అసలు కష్టం జీపుతో కాదు, ఆపాతో. ఒకరోజు కొడుకు గోళ్లు చూసి నా మీద గట్టిగా అరిచింది. "డిప్లొమా చదివించింది నీ బండి కింద పండబెట్టనీకేనా? వాణ్ని మిస్త్రీని చేస్తవా?"

ఆమె కోపం నాకు అర్థమైంది. మన మొహల్లాల్లో పదేళ్ల పిల్లల్ని బడి మాన్పించి షెడ్డులో పడేసిన కథలు ఎన్ని లేవు? నాలుగైదేళ్లు జీతం లేకుండా చాయ్ తేవడం, పానాలు అందించడం, ఉస్తాద్ చేతి దెబ్బలు. ఆ పిల్లలకు హునర్ వచ్చింది గానీ కాగితం రాలేదు, ఇజ్జత్ రాలేదు. ఆపా భయం పని గురించి కాదు, ఆ బతుకు గురించి. అందుకే ఆమెతో వాదించలేదు.

అయినా ఒక మాట మాత్రం చెప్పాను. దావూద్ అలైహిస్సలామ్ పైగంబర్, బాద్షా. అయినా ఇనుముతో కవచాలు చేశారు, తన చేతి కష్టం తిన్నారు. ఇనుమును ఆయన కోసం మెత్తగా చేశామని ఖురాన్ చెబుతుంది. మన హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ తన చెప్పులు తానే కుట్టుకునేవారు. అయినా "మా వాడు ఆఫీసులో ఉంటడు" అన్నప్పుడు వచ్చే ఫఖర్ మనకు "మా వాడు ఇంజన్ కడతడు" అన్నప్పుడు రాదు. చదువూ చేతిపనీ ఒక్క పిల్లాడి దగ్గర ఉంటే సిగ్గుపడాల్సింది ఏముంది? ఆపా జవాబు ఇవ్వలేదు. మర్నాడు వాడితో పాటు నాకూ సబ్బు, నిమ్మచెక్క పంపింది, గ్రీజు పోవడానికి.

ఇప్పుడు భాంజా నిజామాబాద్‌లో ఒక ట్రాక్టర్ వర్క్‌షాప్‌లో అప్రెంటిస్. ఇంటర్వ్యూలో మార్కుల కంటే ముందు ఆ నోట్‌బుక్ చూశారని చెప్పాడు. ఆపా ఇంకా పూర్తిగా రాజీ కాలేదు. చుట్టాలతో "కంపెనీలో చేస్తడు" అంటుంది, ఏం పనో చెప్పదు. కానీ మొన్న ఇంట్లో మిక్సీ ఆగితే ఎవర్నీ పిలవలేదు, ఆదివారం కొడుకు వచ్చేదాకా ఆగింది.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. ఓనర్ పోయిన బండిని వారసుడి పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31 ఉంటుంది, మిగతా వారసుల రజామందీ తీసుకుని చేయించుకోండి. 15 ఏళ్లు దాటిన సొంత బండి ఆర్.సి. ఐదేళ్లకోసారి రెన్యువల్ కావాలి, దానికి ఫారం 25. కారు, జీపులకు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. మా జీపు వంతు 2026లో. అప్పటికి లైట్లు, బ్రేకులు, పొగ అన్నీ సరిగ్గా ఉండాలి. బ్రేకులు అయ్యాయి. కుడివైపు హబ్ సీలు ఇంకా కొంచెం చెమరుస్తోంది, వచ్చే ఆదివారం విప్పాలి.

మీ ఇళ్లల్లో కూడా అబ్బాదో దాదాదో ఏదైనా మెషిన్ చెట్టు కింద ఉంటే, కబాడీని పిలిచే ముందు ఒకసారి కడిగి చూడండి. ఉంచుకోవాలా అమ్మాలా అన్నది తర్వాత. ముందు అదేంటో, ఎంతదో ఇంట్లో అందరికీ తెలియాలి. ముఖ్యంగా "నాకేం వద్దు" అన్న ఆడపిల్లకు తెలియాలి.

ఖుదా హాఫిజ్.